శీలావతి పెరుగుతోంది, బొచ్చె ఎందుకు పెరగట్లేదంటే

ఒకే కుంటలో శీలావతి (రోహు) చేపలు పెరుగుతున్నా, బొచ్చె (కట్ల) చేపలు పెరగట్లేదని అడిగారు కదన్నా. మేత తక్కువై కాదు, అది బొచ్చెకు అందట్లేదు. శ్రీకాళహస్తి దగ్గర కుంటలో తవుడు, వేరుశనగ చెక్క ముద్దలు చేసి వేస్తున్నామని రాశారు కదా. ముద్ద అడుక్కు పోతుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీళ్లలో తిరిగే సన్నటి జీవుల్ని తింటుంది. శీలావతి నడిమి నీళ్లలో, మోసు (మ్రిగాల్) చేపలు అడుగు బురదలో మేస్తాయి. మీ ముద్దలు వాటికే పోతున్నాయి.

1. ముందు నీళ్లు చూడండి. అందరూ వదిలేసేది ఇదే. పొద్దెక్కాక చేతిని మోచేతి దాకా ముంచండి. అరచేయి స్పష్టంగా కనిపిస్తే నీళ్లలో బొచ్చెకు తిండి లేనట్టే. పచ్చగా మసకబారి కనబడకపోతే మంచిది. వానకు కొట్టుకొచ్చిన ఎర్రమట్టి వల్ల కనబడకపోతే మాత్రం అది లెక్కలోకి రాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. అనుమానముంటే గాజుగ్లాసులో నీళ్లు తీసి వెలుతురుకు పట్టండి, కదిలే చుక్కలు కనిపించాలి.

2. నీళ్లలో అలా తిండి లేకపోతే, అది పెరిగేందుకు పేడ నానబెట్టి, పలచగా కొంచెం కొంచెం చల్లండి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే వెంటనే ఆపేయండి, నీళ్లలో ఆక్సిజన్ చాలట్లేదు.

3. మేతను చిల్లులు పెట్టిన శుభ్రమైన సంచుల్లో నింపి, కర్రలకు కట్టి పైనీళ్లలో వేలాడదీయండి. కొల్లేరు వైపు ఇలాగే మేపుతారు.