బికినీ దీవి కథ చదివి మా అమ్మాయి రేడియేషన్ భద్రత చదువుతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. అణుపరీక్షలు జరిగిన బికినీ దీవి గురించి చదివి, రేడియేషన్ భద్రత వైపు వెళ్తానంటోంది. అందరూ డేటా సైన్స్ చేయమంటున్నారు. ఏది మంచిది? ఆడపిల్లకు రేడియేషన్ పని ప్రమాదం కాదా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అసలు టెన్షన్ ఆఖరి వాక్యంలో ఉందండీ. రేపు పెళ్లి, పిల్లలు ఎలా అని. ఈ పని చేసేవాళ్లు ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటారు. ఎంత డోసు పడిందో అందులో తెలిసిపోతుంది. మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే లెక్క ఇది). గర్భం అని చెప్పాక హద్దు ఇంకా కఠినం. ధైర్యంగా ఉండండి.

ఇక మీ అమ్మాయిని కదిలించిన సంగతి. 1946లో అమెరికా పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల్లో ఉన్న బికినీ నుంచి 167 మందిని ఖాళీ చేయించింది. 1958 దాకా అక్కడ 23 పరీక్షలు జరిపింది. 1968లో ఇక భయం లేదని ప్రకటిస్తే కొన్ని కుటుంబాలు తిరిగి వెళ్లాయి. 1978లో వాళ్లనూ మళ్లీ పంపేయాల్సి వచ్చింది. ఆ నేలలో పొటాషియం తక్కువ, అందుకని కొబ్బరిచెట్టు దాని బదులు అణుపరీక్షలు మిగిల్చిన సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థాన్ని పీల్చుకుంటుంది. అక్కడివాళ్లకు కొబ్బరే తిండి, కొబ్బరినీళ్లే దాహానికి. రోజుకు ఎంత తింటారన్న అంచనా బాగా తక్కువగా వేశారు, అక్కడే దెబ్బతిన్నారు. ఆ వైపే ఉన్న రోంగెలాప్ అనే మరో దీవి కోసం 1992లో రేడియేషన్ హద్దు రాసుకున్నప్పుడు, ఏడాదికి 100 మిల్లీరెమ్ (అంటే 1 మిల్లీసీవర్ట్) దాటకూడదనీ, దీవిలో పండిన తిండి మాత్రమే తింటారనుకుని లెక్కకట్టాలనీ పెట్టారు. ఫిజిక్స్ తెలిసి, ఎదుటి ఇంట్లో ఏం వండుకుంటారో అడిగే ఓపిక ఉన్నవాళ్లు చేయాల్సిన పని ఇది.

డేటా సైన్స్ చెడ్డదని నేననను. కానీ ఆరు నెలల కోర్సు సర్టిఫికెట్ పట్టుకుని వచ్చే పిల్లలను "ఏ విషయం మీద పని చేస్తావమ్మా?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. అందరి చేతిలో అదే సర్టిఫికెట్, అదే ప్రాజెక్టు. ఒక సబ్జెక్టు గట్టిగా వచ్చాక డేటా పని నేర్చుకోవడం కష్టం కాదు, కానీ సబ్జెక్టు లేకుండా డేటా ఒక్కటే పట్టుకుంటే ఎన్నాళ్లు నిలుస్తుందోనని నాకు గట్టి అనుమానం. మీరు "అందరూ" అన్నారు. ఆ అందరూ మీ అమ్మాయి బదులు పొద్దున్నే లేచి ఆఫీసుకు వెళ్తారా? ఆమెకు ఏం ఇష్టమో కూర్చోబెట్టి ఒక్కసారైనా అడిగారా?

దీవుల పునరావాసంలో ఉద్యోగాలు చాలా అరుదు, అది ఆమెకు ముందే చెప్పండి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ముంబై బార్క్ (భాభా అణు పరిశోధనా కేంద్రం)లో రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేస్తే క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్ట్‌గా పని ఉంటుంది. అక్కడ రేడియోథెరపీ నడవాలంటే రేడియేషన్ భద్రతాధికారి ఉండి తీరాలి.

ఈ నెలలో ఒకరోజు ఆమెను ఏదైనా క్యాన్సర్ ఆసుపత్రి రేడియోథెరపీ విభాగానికి తీసుకెళ్లి, అక్కడి మెడికల్ ఫిజిసిస్ట్‌తో మాట్లాడించండి. మీరూ లోపలికి వెళ్లండి. ఆ బ్యాడ్జి చూపించమని అడగండి.