ముందు ఏ మంచం దగ్గరికి వెళ్లాలి?

నర్సింగ్ విద్యార్థుల ప్రశ్నలకు సీనియర్ నర్సింగ్ ట్యూటర్ సమాధానాలు

ప్రశ్న: మేడమ్ గారూ, పరీక్షల్లో ‘మీరు మొదట ఏ రోగిని చూస్తారు?’ అని అడుగుతున్నారు. ఇచ్చిన నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి. పాఠం వచ్చినా అక్కడే మార్కులు పోతున్నాయి. వార్డులోనూ నాకు ఇదే అయోమయం. ఎలా తేల్చుకోవాలి?
– బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: నీకు పాఠం వచ్చు, అందులో సందేహం లేదమ్మా. నాలుగూ సరైనవే ఇచ్చారంటే వాళ్లు అడుగుతున్నది వేరు. ఎవరి దగ్గరికి పది నిమిషాలు ఆలస్యంగా వెళితే మనిషి దక్కడు? ఈ ప్రశ్నను మన జిల్లా వార్డులోనే పెట్టి చూద్దాం.

ఉదయం డ్యూటీ అందుకున్నావు. హెర్నియా ఆపరేషన్ జరిగి రెండో రోజున ఉన్న యువకుడు కుట్లు నొప్పి అని అరుస్తున్నాడు. ఏళ్ల తరబడి చుట్టలు కాల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న తాతకు ఆక్సిజన్ 90 శాతం చూపిస్తోంది. ఆయన మాత్రం కూర్చుని టీ తాగుతూ మనవడితో కబుర్లు చెబుతున్నాడు. ఒక అమ్మాయి డిశ్చార్జి కాగితాల కోసం మళ్లీ మళ్లీ వస్తోంది. నాలుగో ఆయన కవిటి వైపు నుంచి వచ్చిన కిడ్నీ రోగి. ఇంట్లో పెళ్లి ఉందని ఒక డయాలిసిస్ మానేశాడు. ‘కాళ్లలో సత్తువ లేదు తల్లీ, లేవలేకపోతున్నాను’ అని మెల్లగా అంటున్నాడు. నాడి 48.

అరిచే మనిషి దగ్గరికి పరిగెత్తడం మన అలవాటు. కానీ అంత గట్టిగా అరవగలుగుతున్నాడంటే అతనికి ఊపిరి ఆడుతోంది. పొట్ట గట్టిపడలేదు, నాడి పెరగలేదు అంటే నొప్పి మందు కాసేపు ఆగవచ్చు. 90 అనే అంకె చూసి తాత దగ్గరికి వెళ్లేవాళ్లూ ఉంటారు. సీఓపీడీ, అంటే గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పాత రోగికి సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. 98కి తేవాలని ఆక్సిజన్ ఎక్కువ పెడితే కొందరిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది.

ముందు వెళ్లాల్సింది ఆ మెల్లగా మాట్లాడుతున్న మనిషి దగ్గరికే. కిడ్నీలు చెడిపోయినవాళ్లలో పొటాషియాన్ని బయటికి పంపే ప్రధాన మార్గం డయాలిసిస్. అది తప్పితే, లీటరు రక్తంలో 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండాల్సిన పొటాషియం 6.5, 7 కూడా దాటిపోతుంది. కాళ్ల కండరాలు నీరసిస్తాయి. గుండె కూడా కండరమే కదా! ఈసీజీలో టీ తరంగం మొనదేలి పైకి లేస్తుంది, పీ తరంగం చదునవుతుంది, క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది. ఆ తర్వాత గుండె ఆగిపోవచ్చు. ఇంత జరుగుతున్నా ఆ మనిషి అరవడు.

అప్పుడు నీ చేతులు చేయాల్సిన పని: మనిషిని కదలనీయకుండా పడుకోబెట్టి మానిటర్ తగిలించడం, డాక్టరును పిలిపించడం, 12 లీడ్ల ఈసీజీ తీయడం, నరంలోకి సూది దారి పెట్టి పరీక్షకు రక్తం పంపడం. డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి చేసిన ఫిస్టులా ఉన్న చేతి జోలికి మాత్రం వెళ్లకూడదు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, సూది గుచ్చకూడదు. ఫిస్టులా మీద వేళ్లు ఆనిస్తే జుమ్మనే అదురు తెలియాలి. తెలియకపోతే అదీ వెంటనే చెప్పాల్సిన విషయమే. డాక్టరు రాసే మందుల వెనక ఉన్న కారణం కూడా గుర్తుంచుకో. కాల్షియం గ్లూకోనేట్ పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాస్తుంది. ఇన్సులిన్, డెక్స్‌ట్రోజ్ కలిసి పొటాషియాన్ని కణాల్లోకి నెడతాయి. బయటికి పంపేది డయాలిసిస్. కారణం తెలిసిన నర్సు ఇన్సులిన్ ఇచ్చాక చాలా గంటలపాటు చక్కెర చూస్తూనే ఉంటుంది, ఎందుకంటే పాడైన కిడ్నీ ఇన్సులిన్‌ను తొందరగా వదిలించుకోలేదు.

ఇక్కడే ఒక మాట. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతపు రోగిని తప్పకుండా అడగాల్సింది ‘బోండాం తాగారా?’ అని. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు పెరట్లోనే కొబ్బరిచెట్టు. ఒంట్లో బాగులేదంటే పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టమూ కొబ్బరినీళ్లు తాగమనే చెబుతాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది మంచిదే. డయాలిసిస్ రోగికి మాత్రం ఒక్కో బోండాంలో అర గ్రాము దాకా, కాయ పెద్దదైతే అంతకు మించి పొటాషియం లోపలికి వెళుతుంది. ‘పొటాషియం ఎక్కువ ఉన్న ఆహారం మానండి’ అంటే ఆ ముసలాయనకు ఏం అర్థమవుతుంది? బోండాం పేరు, అరటిపండు పేరు పెట్టి చెప్పాలి. ఇంట్లో వండిపెట్టే మనిషికి కూడా చెప్పాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. మీలో కొందరు అక్కడికో డయాలిసిస్ కేంద్రాలకో ఉద్యోగానికి వెళతారు కాబట్టి ఇంత విడమరిచి రాస్తున్నాను.

ఇక పరీక్ష సంగతి. శ్వాసమార్గం, ఊపిరి, రక్తప్రసరణ, ఈ వరస ఎలాగూ తెలుసు. దానికి తోడు కొత్తగా వచ్చిన మార్పుకు పాతదాని కంటే ముందు చోటివ్వు. ఆ జబ్బులో మామూలుగా ఉండే లక్షణం కంటే ఉండకూడని లక్షణానికి ముందు చోటివ్వు. ‘ముందు పరిశీలన, తర్వాత చర్య’ అని నేర్పుతాం గాని, ప్రశ్నలోనే పరిశీలన పూర్తయిపోయి ఉంటే మళ్లీ పరిశీలించడం కాలయాపన. మధుమేహ రోగికి చెమటలు పడుతున్నాయి, చక్కెర 54, స్పృహలో ఉన్నాడు అని ప్రశ్నే చెబితే, ‘చక్కెర పరీక్షించాలి’ అన్న జవాబు తప్పు. 15 గ్రాముల గ్లూకోజ్ తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. మగతగా ఉంటే నోట్లో చుక్క కూడా పోయకూడదు, మందు నరం ద్వారా వెళ్లాలి.

ప్రశ్న: మేము పోస్టింగుకు వెళ్లిన వార్డులో ఏ చార్టు చూసినా ఊపిరి 20 అనే రాసి ఉంటుంది. నేను లెక్కపెడుతుంటే ‘అంత తీరిక ఎక్కడిది’ అంటున్నారు. ఆక్సిజన్ మీటరు ఉండగా అది నిజంగా అవసరమా?
– జీఎన్ఎం రెండో సంవత్సరం విద్యార్థిని, విజయనగరం

జవాబు: అవసరమే. ఎవరేమన్నా లెక్కపెట్టు తల్లీ. శరీరం లోపల ఇన్ఫెక్షన్ ముదురుతుంటే, రక్తం పోతుంటే, ఆమ్లం పేరుకుంటుంటే తరచుగా ముందు మారేది ఊపిరే. శరీరం వేగంగా ఊపిరి తీసి ఆక్సిజన్‌ను నిలబెట్టుకుంటున్నంతసేపూ మీటరు మంచి అంకెలే చూపిస్తుంది. అది పడిపోయేసరికి మనిషి అలసిపోయి ఉంటాడు.

లెక్కపెడుతున్నానని రోగికి చెప్పకు, చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టే ఉండి, చూపు ఛాతీ మీదికి తిప్పి నిండా ఒక నిమిషం లెక్కించు. చీర కొంగో దుప్పటో అడ్డం వస్తే రోగి చేతిని ఛాతీ మీదికి తెచ్చి పట్టుకో, చెయ్యి లేచి దిగడం తెలుస్తుంది. మెడ కండరాలు లాగుతున్నాయా, మాట మధ్యలో ఆగి గాలి తీసుకుంటున్నారా అన్నవి కూడా ఆ నిమిషంలోనే కనబడతాయి.

ఒక రాత్రి ఆడవాళ్ల వార్డులో న్యుమోనియాతో చేరిన పెద్దావిడ కోడలు వచ్చి, ‘సిస్టర్, మా అత్త నన్ను ఎవరమ్మా నువ్వు అంటోంది’ అని చెప్పింది. వయసు మీద పడితే అంతే అని పంపేయవచ్చు. డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు, అయినా ఆ మాట పట్టుకుని వెళ్లి చూసింది. ఊపిరి 28. ఆక్సిజన్ పెట్టకుండానే 93. నాడి 112, బీపీ పై అంకె 104, జ్వరం 101. విడివిడిగా చూస్తే ఒక్కోదానికీ ఏదో సర్ది చెప్పుకోవచ్చు. బ్రిటన్ రాయల్ కాలేజీ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన ‘న్యూస్’ స్కోరు (రోగి పరిస్థితి దిగజారడాన్ని అంకెల్లో ముందే పట్టే పద్ధతి) ప్రకారం ఇవన్నీ కలిపి చూడు: ఊపిరి 25 లేదా అంతకు మించితే 3, కొత్తగా వచ్చిన తికమకకు 3, ఆక్సిజన్‌కు 2, నాడికి 2, బీపీకి 1, జ్వరానికి 1. మొత్తం 12. ఆ పద్ధతిలో 7 వస్తే చాలు, అత్యవసరం. కోడలి మాటకే 3 పాయింట్లు ఉన్నాయని గమనించావా? ‘మా మనిషి ఎప్పటిలా లేదు’ అని ఇంటివాళ్లు అన్న ప్రతిసారీ వెళ్లి చూడాలి. మనకు ఆ మనిషి నిన్నటి నుంచే తెలుసు, వాళ్లకు ఏళ్లుగా తెలుసు.

ఆ నర్సు డ్యూటీ డాక్టరుకు ఫోనులో చెప్పిన తీరు అక్షరాలా నేర్చుకోదగ్గది. ‘సార్, ఫిమేల్ మెడికల్ వార్డు స్టాఫ్ నర్సును. న్యుమోనియా పెద్దావిడకు ఊపిరి సాయంత్రం 20, ఇప్పుడు 28. కోడలిని గుర్తుపట్టడం లేదు, ఇది కొత్తగా వచ్చింది. నాడి 112, బీపీ 104, మూత్రం బాగా తగ్గింది. సెప్సిస్ అని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి.’ (సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలనే దెబ్బతీసే స్థితి.) ఎవరు, ఏం జరిగింది, వెనకటి సంగతి, నా అంచనా, నాకు కావలసింది: ఇదే ఎస్‌బార్ పద్ధతి. అమెరికా నౌకాదళంలో పుట్టి ఆసుపత్రులకు వచ్చింది. చాలామంది పిల్లలు చివరి రెండు మాటల దగ్గర గొంతు తగ్గిస్తారు. ‘కొంచెం ఆయాసంగా ఉంది సార్’ అని ఆపేస్తే అవతల నిద్రలో ఉన్న డాక్టరుకు లేచి రావలసిన అవసరం ఎలా తెలుస్తుంది? అనుమానం చెప్పడం నీ పరిధి దాటడం కాదు.

ప్రశ్న: 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో ఎక్కించాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలు?
– ఏఎన్ఎం విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: సెట్టు కవరు మీద మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో ముద్రించి ఉంటుంది, ముందు అది చూడు. 20 అయితే 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగించు, సుమారు 42. 15 చుక్కల సెట్టు అయితే 31. 60 చుక్కల మైక్రో సెట్టులో గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలే. పెట్టాక మళ్లీ వచ్చి చూడు. రోగి చెయ్యి మడిస్తే నీ లెక్క తప్పిపోతుంది.

ప్రశ్న: జీడిపిక్కలు ఏరే రోజుల్లో మా ఊరి వైపు పాముకాట్లు ఎక్కువ. పీహెచ్‌సీ పోస్టింగులో కాలికి తాడు బిగించి తీసుకొస్తున్నారు. చూడగానే కోసేయాలా?
– బీఎస్సీ నర్సింగ్ నాలుగో సంవత్సరం విద్యార్థి, పలాస

జవాబు: కోసేయకు నాయనా. బిగించిన తాడు ఒక్కసారిగా వదిలితే ఆగి ఉన్న విషం ఒక్క ఉదుటున ఒంట్లోకి వెళ్లవచ్చు. ముందు సూది దారి పెట్టు, విషానికి విరుగుడు మందు, అడ్రినలిన్ పక్కన సిద్ధంగా ఉంచు. తాడుకు దిగువన నాడి ఉందో లేదో చూడు. డాక్టరు ఎదురుగా ఉన్నప్పుడే తాడు వదులు చేయాలి. అలాగని గంటల తరబడి ఉంచేయకూడదు, కాలు చచ్చుబడుతుంది.

ఆ లోగా 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి, కొత్త గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడు. గడ్డకట్టకుండా జారితే రక్తపింజరి లాంటి పాము విషం ఎక్కినట్టే. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, సబ్బుతో కడిగిన గాజు గొట్టం కూడా తప్పుడు ఫలితం ఇస్తుంది. మొదటిసారి గడ్డకట్టినా అంతటితో వదిలేయకు, మళ్లీ మళ్లీ చేయాలి.

కట్లపాము సంగతి వేరు. వాపు ఉండదు, కాటు గుర్తు కూడా కనబడకపోవచ్చు. నేల మీద పడుకున్న పిల్లవాడు తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచాడంటే అజీర్ణం అనుకోవద్దు. పైకి చూడమని చెప్పి కనురెప్పలు వాలుతున్నాయేమో చూడు. తలగడ మీద నుంచి తల ఎత్తగలడా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడు అన్నది కొంతసేపటికోసారి చూసి రాయి. 20 దాకా చెప్పినవాడు 10 దగ్గర ఆగిపోతే ఊపిరి కండరాలు పడిపోతున్నాయి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగు అందుకోవాలి.

విరుగుడు మందు పిల్లలకూ పెద్దలకూ ఒకే మోతాదు, పిల్లవాడని పాము తక్కువ విషం వదలదు కదా. 10 వయల్స్‌తో మొదలుపెడతారు, సుమారు గంటలో ఎక్కిస్తారు. మొదటి నిమిషాల్లో మంచం పక్క నుంచి కదలకు. దురద, దద్దుర్లు, వణుకు, దగ్గు మొదలైతే మందు ఆపి డాక్టరును పిలువు, తొడ కండరంలోకి అడ్రినలిన్ పడాలి. కాటు పడిన సమయం, తాడు వదులు చేసిన సమయం, గొట్టంలో రక్తం పోసిన సమయం, మందు మొదలైన సమయం కేస్ షీటు మీద రాసి పెట్టు. 108లో పెద్దాసుపత్రికి పంపేటప్పుడు దాని నకలు రోగి వెంట వెళ్లాలి, లేకపోతే అక్కడివాళ్లు లెక్క మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.