హైబ్రిడ్ వరి గింజను మళ్లీ విత్తుకోవచ్చా? పుప్పొడి తిత్తుల కల్చర్ సంగతేమిటి?

ప్రశ్న: హైబ్రిడ్ వరి వేస్తున్నాను. ఏటా విత్తనం కొనే స్తోమత లేక ఈసారి ఇంటి గింజలే నారు పోశాను. పైరు ఒక్క తీరుగా రాలేదు. కొన్ని దుబ్బులు ముందే ఈనాయి. పూలలోని పుప్పొడి తిత్తులను ల్యాబ్‌లో పెంచితే ఏటా వాడుకునే విత్తనం తయారవుతుందని విన్నాను. ఇంటి దగ్గర చేసుకోవచ్చా? (మిర్యాలగూడ ప్రాంత రైతు)

జవాబు: మీరు విన్నది నిజమే, కానీ ఇంటి దగ్గర అయ్యే పని కాదు. దానికోసం దయచేసి డబ్బు పెట్టకండి.

హైబ్రిడ్‌లో తల్లి, తండ్రి రకాల గుణాలు కలిసి ఉంటాయి. దాని గింజ విత్తితే అవి విడిపోతాయి. మీ పొలంలో జరిగింది ఇదే, మీ సాగులో లోపం లేదు. అలాంటి పైరు నుంచి ఒక స్థిరమైన రకం తీయాలంటే మామూలుగా ఆరేడు తరాలు ఎంపిక చేస్తూ పోవాలి. ఆ కాలాన్ని తగ్గించేదే పుప్పొడి తిత్తుల కల్చర్. వరి మొక్క కణంలో గుణాలను మోసే క్రోమోజోములు 24 ఉంటే పుప్పొడి రేణువులో 12 మాత్రమే ఉంటాయి. ఆ రేణువునే మొక్కగా పెంచి క్రోమోజోములను రెట్టింపు చేస్తే ప్రతి క్రోమోజోముకూ దాని నకలే జతగా వస్తుంది కాబట్టి ఒక్క తరంలోనే గుణాలు స్థిరపడతాయి. పుప్పొడి తిత్తుల నుంచి ఇలా మొక్కలు వస్తాయని 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్తలో తొలిసారి చూపించారు. మనం గర్వపడాల్సిన పని అది.

ఇక వరిలో పడే పాట్లు చూడండి. వెన్ను ఇంకా పొట్టలో ఉండగానే కోసి, కొన్ని రోజులు చల్లగా ఉంచి, సూక్ష్మజీవులు సోకని చోట తిత్తులు తీసి పోషకాల జెల్లీ మీద పెట్టి చీకట్లో ఉంచాలి. కొన్ని వారాలకు కణాల ముద్ద, అంటే కాలస్ కడుతుంది. దాన్ని వేరే జెల్లీకి మార్చి వెలుతురు ఇస్తే పిలకలు వస్తాయి. మనం పండించే ఇండికా రకాల్లో స్పందించే తిత్తులే తక్కువ. వచ్చిన పిలకల్లోనూ చాలావరకు పచ్చదనం లేక తెల్లగా పుట్టి చచ్చిపోతాయి. 12 క్రోమోజోములతోనే మిగిలిన మొక్క గింజ కట్టదు. కొన్ని వాటంతటవే రెట్టింపవుతాయి, మిగతావాటికి క్రోమోజోములను రెట్టింపు చేసే కోల్చిసిన్ అనే రసాయనం వాడాలి. అది విషం. బతికి గింజ కట్టిన మొక్కలు కూడా ఒకదానికొకటి పోలవు, అన్నిటినీ పొలంలో పరీక్షించి మేలైనది ఏరాలి. అయినా పట్టు విడవకుండా కటక్‌లోని వరి పరిశోధన శాస్త్రవేత్తలు ఒక హైబ్రిడ్ నుంచి ఈ పద్ధతిలో సత్యకృష్ణ రకం తీశారు.

విత్తనం ఖర్చే మీ బాధ అయితే తెలంగాణ సోనా, ఎంటీయూ 1010 వంటి సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కానివి వేసుకోండి. పక్క రకానికి కనీసం 3 మీటర్లు దూరం ఉంచండి. పూతకు ముందు ఒకసారి, కోతకు ముందు మరోసారి కేళీలు, అంటే తేడాగా కనిపించే వేరే రకం మొక్కలు పీకేయండి. గింజలో తేమ 13 శాతానికి దిగేదాకా ఆరబెట్టి దాచుకోండి. అలా రెండు మూడు పంటలు వాడుకుని, తర్వాత ధ్రువీకరించిన విత్తనం తెచ్చుకోండి. ఈసారి పొలంలో పండిన గింజను మాత్రం విత్తనానికి ఉంచకండి, తిండికో అమ్మకానికో వాడేయండి.