ఎనిమిదో తరగతిలో ఏ సబ్జెక్టునీ వదిలేయొద్దు

ప్రశ్న: మా అబ్బాయి చిత్తూరులో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతున్నాడు. ఈ ఏడాది ఎనిమిదిలోకి వచ్చాడు. ఏడు వరకు మంచి మార్కులే వచ్చాయి. ఇప్పటి నుంచే లెక్కలు, సైన్స్ మీద దృష్టి పెట్టాలని, తెలుగు, హిందీ, సోషల్ పాసైతే చాలని, ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌లో చేర్చమని మా అన్నయ్య అంటున్నాడు. అసలు ఈ ఏడాది వాళ్లు ఏం చదువుతారు? మేం ఏం చూసుకోవాలి?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, మేనల్లుడు బాగుపడాలనే మీ అన్నయ్య ఆ మాట అన్నారు. అయితే ఎనిమిదిలో ఏముందో చూశాక నిర్ణయం తీసుకోండి. ఏడు వరకు ఒకే పుస్తకంగా ఉన్న సైన్స్ ఇప్పుడు ఫిజికల్ సైన్స్, బయాలజీ అని రెండుగా విడిపోతుంది. టీచర్లు వేరు, నోట్సులు వేరు. మొదటి రెండు నెలలు పిల్లలు కాస్త తడబడతారు, టెన్షన్ పడకండి.

అసలు మార్పు లెక్కల్లో వస్తుంది. అంకెల చోట అక్షరాలు ఎక్కువవుతాయి. బీజీయ సమాసాలు, సమీకరణాలు, అనులోమ విలోమానుపాతాలు, వర్గమూలాలు అన్నీ ఈ ఏడాది ఉంటాయి. మీవాడికి ఈ లెక్క ఇచ్చి చూడండి: మామిడితోటలో కాయలన్నీ కోయడానికి 12 మందికి 6 రోజులు పడితే, 9 మందికి ఎన్ని రోజులు పడుతుంది? చాలామంది పిల్లలు చకచకా గుణించి, భాగించి 4.5 అని రాసేస్తారు. మనుషులు తగ్గితే పని తొందరగా ఎలా అయిపోతుందని వాళ్లకు అనుమానమే రాదు. జవాబు 8 రోజులు. ఆ పిల్లలకు గుణకారం రాక కాదు, ప్రశ్నను నిదానంగా చదివే అలవాటు లేక తప్పు పోతుంది. ఇలాంటి తప్పు ఫౌండేషన్ మెటీరియల్‌తో పోదు. చదివింది అర్థం చేసుకోవడం తెలుగు, ఇంగ్లిష్ పాఠాల్లోనే అలవడుతుంది. అందుకే తెలుగును పక్కన పెట్టమంటే నేను ఒప్పుకోను.

ఇంకొకటి కూడా చూడండి. 5 - (x - 2) ఎంత అని అడగండి. 7 - x అంటే పర్వాలేదు. 3 - x అన్నాడంటే బ్రాకెట్ ముందున్న మైనస్ సంగతి వాడికి ఇంకా పట్టుబడలేదు. అప్పుడు వెనక్కి వెళ్లి ఏడో తరగతి పూర్ణ సంఖ్యలు, భిన్నాలు ఒక నెల చేయించండి. అందులో నామోషీ ఏమీ లేదు.

బయాలజీలో పంటలు, సూక్ష్మజీవులు, కౌమార దశ వస్తాయి. మన వైపు పిల్లలకు ఇది చేలోనే కనిపించే చదువు. తెలిసినవాళ్ల పొలంలో వేరుశనగ మొక్కను వేళ్లతో సహా మెల్లగా పీకి చూపించండి. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం బ్యాక్టీరియా ఉండేది అందులోనే. ఒక్కసారి చూసినవాడు ఆ పాఠం మర్చిపోడు. ఫిజికల్ సైన్స్‌లో బలం, ఘర్షణ, ధ్వని, కాంతి ఉంటాయి. వీటిలో సూత్రం బట్టీ పట్టించడం కంటే చేసి చూడటం మేలు.

సోషల్‌లో కంపెనీ పాలన, 1757 ప్లాసీ యుద్ధం, మైసూరు యుద్ధాలు, 1857 తిరుగుబాటు, మన రాజ్యాంగం వస్తాయి. మైసూరు పాఠం చదివేటప్పుడు, 1782లో హైదర్ అలీ కన్నుమూసింది మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలోనే అని చెప్పండి. సెలవు రోజు చంద్రగిరి కోటకు తీసుకెళ్లండి. హిందీకి పదో తరగతిలో పాస్ మార్కు 20 అయినా, రోజూ ఒక పేజీ పైకి చదివించండి.

మీడియం సమస్య ఉంటే, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉన్నాయి కదా, ముందు తెలుగులో చదివి, ఆ తర్వాత అదే పేరా ఇంగ్లిష్‌లో చదవమనండి.

ఇక ఫౌండేషన్ సంగతి. ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అన్నది పది అయ్యాక తేల్చుకోవచ్చు. జేఈఈ సిలబస్ ఇంటర్ రెండేళ్లది. ఈ ఏడాదికి కోచింగ్ వద్దనే నా అభిప్రాయం. తొమ్మిదిలో లెక్కలు తనంతట తాను ఇష్టపడి చేస్తుంటే అప్పుడు ఆలోచిద్దాం.

దానికి బదులు ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష రాయించండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివేవాళ్లకు, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉంటే అర్హత ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. పరీక్షలో రెండు భాగాలు: 90 ప్రశ్నలు మేధాశక్తికి, 90 పాఠాల మీద. పాఠాల భాగంలో సైన్స్ 35, సోషల్ 35, లెక్కలు 20. ఈ అంకెలు మీ అన్నయ్యకు చూపించండి, సోషల్ వదిలేయమని ఆయనే అనరు.

దరఖాస్తు బడి ద్వారానే వెళుతుంది కాబట్టి హెడ్మాస్టర్‌ని ముందుగానే కలవండి. ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఆధార్‌లో, బడి రికార్డులో అబ్బాయి పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే సరిచూసుకోండి.