బ్రిడ్జి అవతలా, ఇవతలా?

"మొబైల్ నుంచి 108కో 112కో ఫోన్ చేస్తే మనం ఎక్కడున్నామో ఇన్ని మీటర్ల లోపు తెలిసి తీరాలని ఫోన్ కంపెనీలకి రూల్ పెట్టాలా?" అని అడిగారు. పెట్టాలి. ఎందుకో గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను.

మా ఊళ్ళో బ్రాడీపేట, అరండల్‌పేట అని రెండు పేటలు. మధ్యలో రైలు పట్టాలు, వాటి మీద శంకర్‌విలాస్ బ్రిడ్జి. రెండింట్లోనూ వీధుల్ని నంబర్లతోనే చెప్తాం. "నాలుగు బై రెండు" అంటే నాలుగో లైను, రెండో అడ్డరోడ్డు. చిక్కేమిటంటే నాలుగు బై రెండు బ్రిడ్జికి ఇటూ ఉంది, అటూ ఉంది.

పాత బ్రిడ్జి ఉన్నప్పటి సంగతి. మా మేనమామ సాయంత్రం స్నానం చేసి వచ్చి, తువ్వాలు ఆరేసే ఓపిక కూడా లేక మంచం మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు, ఎడమ చెయ్యి లాగేస్తోందన్నాడు. అత్తయ్య అంబులెన్సుకి ఫోన్ చేసి, నలభై ఏళ్ళుగా రిక్షా వాళ్ళకి చెప్పినట్టే "నాలుగు బై రెండు, మూడో అంతస్తు, తొందరగా రండి నాయనా" అని పెట్టేసింది. పేట పేరు ఆవిడ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. నేను రెండు లైన్ల అవతల ఉంటాను కాబట్టి లుంగీ మీదే బండేసుకుని వచ్చి, అత్తయ్య ఫోన్ పట్టుకుని వీధి మొదట్లో నిలబడ్డాను.

పది నిమిషాలకి డ్రైవర్ ఫోన్. "సార్, వచ్చేశాం, ఇక్కడ మూడంతస్తుల బిల్డింగే లేదు." పక్కన ఏముందంటే మెడికల్ షాపు అన్నాడు. గుంటూరులో మెడికల్ షాపు లేని సందు ఉంటే చూపించండి! అతను అటు, నేను ఇటు, ఇద్దరం అరుచుకుంటున్నాం. ఉన్నట్టుండి వెలిగింది, సైరన్ నాకు ఫోన్లోనే వినపడుతోంది, వీధిలో వినపడట్లేదు. "బాబూ, బ్రిడ్జి అవతలా, ఇవతలా?" అన్నాను. అటు నుంచి ఒక్క క్షణం మాట లేదు.

సాయంత్రం పూట ట్రాఫిక్‌లో ఆ బ్రిడ్జి దాటి ఇటు రావడమంటే ఏమిటో మా ఊరివాళ్ళకి తెలుసు. మామయ్య బతికాడు, రెండు స్టెంట్లు పడ్డాయి. డ్రైవర్ని తప్పుపట్టను, చెప్పిన చోటికే వచ్చాడు పాపం.

టవర్ని బట్టి లొకేషన్ లెక్కేస్తే వందల మీటర్ల తేడా రావచ్చు, ఊరి బయటైతే కిలోమీటర్లు. అమెరికాలో 1996లోనే దీనికి రూల్ మొదలుపెట్టి, 2015లో ఇంకా బిగించారు: ఆరేళ్ళలో 80 శాతం ఎమర్జెన్సీ కాల్స్‌కి 50 మీటర్ల లోపు లొకేషన్ రావాలి, లేదా నేరుగా ఇంటి అడ్రసే రావాలి. తర్వాత ఎత్తుకి కూడా మూడు మీటర్లని పెట్టారు, అంటే ఏ అంతస్తో తెలియాలని. యూరప్‌లో 2022 మార్చి నుంచి కొత్తగా అమ్మే స్మార్ట్‌ఫోన్లకి ఇంకో పద్ధతి తప్పనిసరి చేశారు: ఎమర్జెన్సీ నంబరు నొక్కగానే ఫోనే తనంతట తాను జీపీఎస్, వైఫై ఆన్ చేసుకుని లొకేషన్ పంపేస్తుంది. మా అత్తయ్య లాంటి వాళ్ళకి కావలసింది ఇదే, ఆవిడకి లొకేషన్ షేర్ చెయ్యడం నేర్పబోయి నేను రెండుసార్లు ఓడిపోయాను. మన దగ్గర 2018 నుంచి ప్రతి కొత్త ఫోన్లో జీపీఎస్ ఉండాలన్నారు, బాగానే ఉంది. కానీ ఫోన్లో చిప్పు ఉండడం వేరు, కాల్ ఎత్తినమ్మాయి స్క్రీన్ మీద చుక్క పడడం వేరు.

అయితే ఆ 50 మీటర్లు మనకి చాలవంటాను. ఇటు మా లైను, అటు వెనక లైను, 50 మీటర్ల తేడా వస్తే చుక్క పక్క లైన్లో పడుతుంది. పైగా ఇంట్లో జీపీఎస్ సరిగా అందదు. అంతస్తు సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు అక్కడ మా ఫ్రెండ్ వాళ్ళ గేటు మీది డోర్ నంబరు నీళ్ళ కింద ఉంది, వాళ్ళేమో డాబా మీద ఉన్నారు. ఇక అపార్ట్‌మెంట్లకి పేర్లు పెట్టేవాళ్ళకి ఒక దణ్ణం. వీధికో సాయి రెసిడెన్సీ, మలుపుకో శ్రీనివాస టవర్స్! మున్సిపాలిటీ వాళ్ళు ప్లాన్ పాస్ చేసేటప్పుడే "ఇది ఆల్రెడీ ఉంది, ఇంకోటి చూసుకోండి" అనొచ్చుగా, మెయిల్ ఐడీకి అనట్లేదూ? అయినా బిల్డర్లు వినరులెండి.

మా అత్తయ్య మాత్రం ఎవరి రూలు కోసమూ ఆగలేదు. ఫ్రిజ్ మీద ఒక అట్టముక్క అతికించింది, ఎర్ర స్కెచ్ పెన్నుతో మొదటి మాటే "బ్రాడీపేట", తర్వాతే నంబర్లు. పదిహేనేళ్ళుగా పాలు పోస్తున్న అతను ఫోన్ చేసినా ఇప్పుడు "బ్రాడీపేట నుంచి మాట్లాడుతున్నా" అనే మొదలుపెడుతోంది.