పియానో కీ బుషింగ్ బిగుసుకుంటే: ఇంట్లో చేసుకునే సైజింగ్ పనిముట్టు

పియానో కీ కింద లోహపు పిన్నులుంటాయి, అవి దూరే కీ రంధ్రాల లోపల అతికించే ఫెల్ట్ (దట్టమైన ఉన్ని గుడ్డ) పొరే బుషింగ్. కొత్త ఫెల్ట్ అతికించాక కీలు పిన్నుల మీద పట్టేస్తున్నాయి, సైజు సరిచేసే పనిముట్టు కొనాల్సిందేనా అని ఒకరు అడిగారు. అక్కర్లేదు. స్క్రూతో బిట్ (వేడెక్కే కొస) బిగించే పాత సోల్డరింగ్ ఐరన్, ఆ బిట్ స్థానంలో బిగించడానికి ఒక ఇత్తడి ముక్క, ఆకురాయి ఉంటే చాలు.

ముందు పిన్ను మందం వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. చాలా పియానోల్లో సుమారు 3.7 మి.మీ. ఉంటుంది, కానీ మీ పియానోది మీరే కొలుచుకోవాలి. ఇత్తడి కొసను అంతకన్నా వెంట్రుకవాసి ఎక్కువ మందం ఉండేలా ఆకురాయితో అరగదీయండి. ఎందుకంటే నొక్కి తీశాక ఫెల్ట్ కాస్త వెనక్కి ఉబ్బుతుంది. అంచులు గుండ్రంగా, నునుపుగా ఉండాలి, లేదంటే ఫెల్ట్ చీరుకుపోతుంది.

ఫెల్ట్ ఉన్ని కదా, ఇస్త్రీ సూత్రమే ఇక్కడా: తడి, వేడి, ఒత్తిడి. నీళ్లు, స్పిరిట్ కలిపి ఒక్క చుక్క వేసి, వేడి కొసను కొన్ని క్షణాలు దూర్చి తీయండి. చుక్క మించితే లోపలి సరేసు జిగురు కరిగి బుషింగే ఊడుతుంది. నేను మొదటిసారి అలాగే నాలుగు ఊడగొట్టుకున్నాను. వేడి ముందు తుక్కు ఫెల్ట్ మీద చూడండి, గోధుమరంగుకు తిరిగితే ఎక్కువైనట్టే.

ఆరాక కీ పైకెత్తి వదలండి. తన బరువుకే దిగాలి, పక్కలకు ఊగకూడదు. ఊగుతోందంటే ఫెల్ట్ పలుచనైందన్నమాట, దానికి ఈ పనిముట్టు పనికిరాదు, మళ్లీ అతికించాల్సిందే.