అడగని విమర్శకు జవాబు చెప్పాలా?

ప్రశ్న: నా వయసు 36. పిల్లలు బడికి వెళ్ళాక దొరికే తీరికలో శ్రీకాళహస్తి కలంకారీ నేర్చుకున్నాను. మూడు నెలలు కష్టపడి సీతా స్వయంవరం వేశాను. ఆ ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లోనూ, మా బంధువుల వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను. ముక్కూ ముఖం తెలియని ఒకాయన ‘గీత పాకింది, రంగులు వెలిసిపోయాయి, సీత ముఖంలో కళ లేదు, బాగా నేర్చుకున్నాక పెట్టాల్సింది’ అని రాశారు. గ్రూపులో మా ఆడపడుచు ‘ఇంత కష్టం ఎందుకు వదినా, అచ్చు వేసిన బట్ట చవగ్గా దొరుకుతుంది కదా’ అంది. మా వారితో చెప్పుకుంటే ‘పెట్టడమెందుకు, బాధపడటమెందుకు’ అన్నారు. అప్పటి నుంచి కలం పట్టబుద్ధి కావడం లేదు. ఇక పెట్టడం మానేయాలా? నేనే అతిగా బాధపడుతున్నానా?

జవాబు: అతిగా ఏమీ బాధపడటం లేదు. బట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టాలి. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసుకుని, వెదురు కలంతో ఒక్కొక్క గీతా దిద్దాలి. పటిక పూసి, ఉతికి, రంగులో ఉడికించి, మళ్ళీ ఉతకాలి. ఇన్ని దశలు దాటి వచ్చిన పనిని ఎవరో ఒక్క చూపులో తీసిపారేస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

ముందు ఆ అపరిచితుడి సంగతి చూద్దాం. ఆయన రాసిన మాటలన్నీ ఒకే బరువైనవి కావు. ‘గీత పాకింది’ అన్నది నిజం కావచ్చు. పాలు పలచనైనా, బట్టకు సరిగ్గా పట్టకపోయినా కసిమి (ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి చేసే నల్లటి ద్రవం) నలుపు పక్కలకు పాకుతుంది. ఫొటోను పక్కన పెట్టి ఆ బట్టనే తీసుకెళ్ళి మీకు నేర్పిన గురువుగారికి చూపించండి. లోపం ఉంటే ఏ దశలో వచ్చిందో ఆయన చెప్పగలరు. ‘రంగులు వెలిసిపోయాయి’ అన్నది మాత్రం ఆ పని తెలియని మాట. కరక్కాయ, మంజిష్ఠ, నీలిమందు ఇచ్చే రంగులు రసాయన రంగుల్లా మెరవవు. ఆ నిదానమే వాటి అందం. ఫొటో రాత్రి ట్యూబులైటు కింద తీసి ఉంటే ఇంకా వెలవెలబోతుంది. ఈసారి పొద్దున నీడపట్టున తీసి చూడండి. సీత ముఖంలో కళ ఉందా లేదా అన్నది ఎవరి అభిరుచి వారిది. ఇక ‘బాగా నేర్చుకున్నాక పెట్టాల్సింది’ అన్నది బొమ్మ మీద విమర్శే కాదు, మీ మీద విసిరిన మాట. దాన్ని ఇంట్లోకి రానివ్వకండి.

ఆయనకు జవాబు ఇవ్వాల్సిన అవసరమూ లేదు. ఇవ్వాలనిపిస్తే మర్నాటి వరకు ఆగి, ‘చూసినందుకు ధన్యవాదాలు’ అని ఒక్క ముక్క రాసి వదిలేయండి. వాదనకు దిగితే కలం పట్టాల్సిన పొద్దంతా ఫోనుకే పోతుంది. మళ్ళీ అలాగే రాస్తే ఆ ఖాతాను రెస్ట్రిక్ట్ చేయండి. మీరు అనుమతించేదాకా ఆయన వ్యాఖ్యలు ఆయనకు తప్ప మరెవరికీ కనిపించవు.

మీ ఆడపడుచు మాటలో నాకు దురుద్దేశం కనిపించలేదు. చేతిపనికీ అచ్చుకూ తేడా ఆమెకు తెలిసి ఉండదు. పెడనలో చెక్క అచ్చులతో వేసే కలంకారీ కూడా గొప్ప హస్తకళే. ఆ అచ్చులు చెక్కడానికే ఎంతో నేర్పు కావాలి. కానీ బజారులో ఆ పేరుతో చవగ్గా అమ్మేవాటిలో చాలావరకు స్క్రీన్ ప్రింట్లు. ఆమె మీ ఇంటికి వచ్చినప్పుడు బట్ట పరిచి చూపించండి. కలం చేతికిచ్చి, ఒక పాత గుడ్డ మీద ఒక్క గీత గీయమనండి. ఆ తర్వాత నెమ్మదిగా, ‘నీకు నచ్చకపోతే నాతో విడిగా చెప్పమ్మా, నలుగురిలో అంటే నాకు కష్టమనిపించింది’ అనండి. గ్రూపులో మాత్రం ఈ ప్రస్తావన తేవద్దు. అక్కడ ఒకరు మొదలుపెడితే పది మంది తీర్పు చెప్పడానికి బయలుదేరుతారు.

ఉత్తరమంతా చదివాక నాకు అనిపించింది చెబుతాను. మిమ్మల్ని అసలు కుంగదీసింది మీ వారి మాట. మూడు నెలల మీ శ్రమను దగ్గరుండి చూసిన మనిషి ఆయన. ఎవరో ఏదో అన్నప్పుడు ‘నేను చూశాను, ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు’ అని ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసేవారే కాదేమో. బహుశా మీ బాధ చూడలేక, అది తొందరగా తీరిపోవాలని అలా అన్నారు. మగవాళ్ళు చాలామంది ఓదార్చడం చేతకాక కారణాలు వెతుకుతారు. చెల్లెలితో తగువుపడమని ఆయనను అడగవద్దు. ‘నాకు సలహా వద్దు, నా పక్షాన ఒక్క మాట చాలు’ అని సూటిగా చెప్పండి. అలా అడగడంలో చిన్నతనమేమీ లేదు.

పెట్టడం మానవద్దు. పని సాగుతున్నంతకాలం గురువుగారికి, మీరు నమ్మిన ఒకరిద్దరికి తప్ప ఎవరికీ చూపించకండి. పూర్తయ్యాకే బయటపెట్టండి. అభిప్రాయం కావాలనుకుంటే ‘చేతుల భంగిమ ఎలా కుదిరింది?’ అని ఫలానాదాని గురించే అడగండి. బంధువుల గ్రూపులో పెట్టి తీరాలన్న నియమం ఎక్కడా లేదు.

ఈ వారం పెద్ద బొమ్మ జోలికి వెళ్ళకండి. జానెడు బట్ట మీద ఒక నెమలినో, లతనో గీయండి, ఎవరికీ చూపించనక్కర్లేదు. అయినా చేయి కదలకపోతే, నిద్ర, తిండి, పిల్లలతో కబుర్లు కూడా రుచించకుండా రెండు వారాలు దాటితే, మీకు దగ్గరలోని మానసిక నిపుణులను కలవండి. వెళ్ళేటప్పుడు మీ వారిని కూడా వెంట తీసుకెళ్ళండి.